అడుగు పడని చోట దెబ్బ: ఆస్తోర్ పియాసోలా పనితనం

అనీబాల్ ట్రోయిలో వాద్యబృందంలో చేరేనాటికి ఆస్తోర్ పియాసోలాకి పద్దెనిమిదేళ్లు. అది 1939. అర్జెంటీనా రాజధాని బ్యూనస్ ఎయిర్స్‌లో టాంగో అనే నాట్యసంగీతానికి మహర్దశ నడుస్తున్న కాలం. పేటపేటకీ డాన్సు హాళ్లు, రేడియో పెడితే టాంగో. కుర్రవాడు మొదట తిత్తితో పలికే బాండోనియోన్ వాయించాడు. కొన్నాళ్లకి పాటల్ని బృందానికి తగ్గట్టు కూర్చి రాసే పని కూడా చేతికొచ్చింది. రాసిన కాగితం ట్రోయిలో దగ్గరికి వెళ్లేది. ఆయన రబ్బరు తీసుకుని చెరపడం మొదలుపెట్టేవాడు. ఇన్ని స్వరాలు గుప్పిస్తే జనం అడుగెలా వేస్తారన్నది ఆయన బాధ.

అందులో తప్పేమీ లేదు. టికెట్టు కొనుక్కుని వచ్చిన జంటలు ఆడటానికి వచ్చాయి. వాళ్ల కాళ్లకి కావలసింది అందించడం బృందనాయకుడి ధర్మం. పైగా ట్రోయిలో మహా విద్వాంసుడు, ఏ స్వరాన్ని ఎంతసేపు నిలపాలో ఎరిగినవాడు. పియాసోలాకి ఆయన మీద గౌరవం ఎన్నడూ తగ్గలేదు. 1975లో ట్రోయిలో పోయినప్పుడు ఆయన ప్రాణంగా ప్రేమించిన నాలుగింటి మీద, అంటే బాండోనియోన్, భార్య సీతా, విస్కీ, జూదం మీద, నాలుగు భాగాల 'సూయితె ట్రోయిలియానా' రాసి ఇచ్చాడు.

అయినా ఆ చెరిపేసిన స్వరాలు ఊరికే పోలేదు. తర్వాతి యాభై ఏళ్లలో పియాసోలా వాటికి ఎక్కడెక్కడ చోటు చూపించాడన్నదే నన్ను పట్టి లాగే సంగతి. ఆయన టాంగోని చంపాడని ఒక వర్గం, బతికించాడని మరో వర్గం ఏళ్ల తరబడి కొట్లాడుకున్నాయి. రచనల దగ్గరికి వెళ్లి చెవి పెడితే నాకు వినిపించేది వేరు. ఆయన బయటినుంచి తెచ్చుకున్నది చాలా ఉంది. బాఖ్ ఉన్నాడు, జాజ్ ఉంది, బార్తోక్ ఉన్నాడు. వాటిలో ప్రతి ఒక్కదాన్నీ టాంగో పాత అలవాట్లకి లొంగదీశాకే వాడుకున్నాడు.

ముందు లయ సంగతి. పాత టాంగోలో ఆవర్తానికి నాలుగు అడుగులు. పియానో ఎడమచేయీ డబుల్ బాసూ కలిసి ఆ నాలుగింటినీ ఒత్తి పలుకుతాయి. అక్కడి వాద్యకారులు దీన్ని 'మార్కాతో' అంటారు. ఒక్కో అడుగునీ రెండు చేస్తే ఆవర్తంలో ఎనిమిది అక్షరాలు. అడుగులు ఒకటి, మూడు, అయిదు, ఏడు అక్షరాల మీద పడతాయి. ఇప్పుడా ఎనిమిదింటినే మన మృదంగం జతుల్లో 'తకిట తకిట తక' అని పలకండి. మూడు, మూడు, రెండు. దెబ్బలు ఒకటి, నాలుగు, ఏడు మీద పడ్డాయి. మొదటి దెబ్బ అడుగుతో కలిసింది, చివరిదీ కలిసింది. నడిమిది మాత్రం రెండడుగుల మధ్య, కాలు ఇంకా గాల్లో ఉండగానే పడింది. పియాసోలా సంగీతం మనిషిని కుదురుగా కూర్చోనివ్వదు. ఆ తహతహకి పుట్టిల్లు ఈ నాలుగో అక్షరమే.

ఈ నడక ఆయన కనిపెట్టింది కాదు. టాంగోకి పూర్వీకులైన హబనేరా, మిలోంగాల్లో దెబ్బలు ఒకటి, నాలుగు, అయిదు, ఏడు మీద ఉండేవి. అయిదో అక్షరం మీది దెబ్బ ఆవర్తాన్ని నడుము దగ్గర పట్టి నిలబెట్టే ఊతం. ఆ ఊతాన్ని తీసేస్తే మిగిలేది తకిట తకిట తకే. పాత బృందాల వాయింపులో అది అక్కడక్కడ మెరిసి మాయమయ్యేది. అలా వచ్చిపోయేదాన్ని పియాసోలా పునాదిలో వేశాడు. తీసుకెళ్లి డబుల్ బాస్ చేతిలో పెట్టాడు. ఇక నాలుగడుగుల నడకని వినిపించే వాద్యం ఉండకపోవచ్చు, కానీ విన్నవాళ్ల ఒంట్లో అది ఆగదు. వినబడే మూడు దెబ్బలకీ, వినబడని నాలుగు అడుగులకీ మధ్య రాపిడి పాట పొడవునా సాగుతుంది.

1974లో మిలాన్‌లో రికార్డు చేసిన 'లిబెర్టాంగో' ప్రపంచమంతా తిరిగింది. అందులో ఈ రాపిడి తప్ప మరో ముడిసరుకు దాదాపు లేదు. ఒక చిన్న స్వరాల తునక మళ్లీ మళ్లీ తిరుగుతుంది, కింద బాస్ మెట్టు మెట్టుగా జారుతుంది, పైన నిడుపైన ఒక పలుకు సాగుతుంది. పియాసోలా పేరు చెప్పగానే చాలామందికి గుర్తొచ్చేది ఇదే. నా మటుకు నాకు ఆయన పనితనం పూర్తిగా కనిపించే రచన ఇది కాదు. ఇదే లయని నిదానం చేసి చూపిన 'మిలోంగా దెల్ ఆంహెల్' ముందు లిబెర్టాంగో పలచన. అక్కడా బాస్ వాయించేది తకిట తకిట తకే, అయితే విలంబంలో. నాలుగో అక్షరం మీది దెబ్బ ఇక్కడ కంగారు పెట్టదు. ఊపిరి తీసి వదలబోయే ముందు క్షణంలా నిలిచిపోతుంది. దాని మీద బాండోనియోన్ ఏ తొందరా లేకుండా పాడుకుంటూ పోతుంది. ఒకే తాళాన్ని ఒకచోట పరుగుకీ, మరోచోట జోలకీ వాడగలగడం చిన్న విద్య కాదు.

ఆ బాండోనియోన్ గురించి కూడా చెప్పుకోవాలి. అది జర్మనీలో పుట్టిన వాద్యం. పందొమ్మిదో శతాబ్దంలో వలస వచ్చినవాళ్లతో రియో దె లా ప్లాతా తీరానికి చేరి, అక్కడి పాటకి గొంతయిపోయింది. యూరప్‌లో పుట్టిన హార్మోనియం మన పద్యనాటకానికి విడదీయరాని తోడు కావడం తెలుగువాళ్లకి తెలిసిన కథే. రెండూ లోహపు రెల్లుల మీద గాలి ఆడి పలికే వాద్యాలే. బాండోనియోన్ మాత్రం మహా మొండిది. టాంగో వాళ్లు వాడే రకానికి 71 మీటలుంటాయి, కుడిచేతికి 38, ఎడమచేతికి 33. ఒకే మీట తిత్తి తెరిచేటప్పుడు ఒక స్వరం, మూసేటప్పుడు మరో స్వరం పలుకుతుంది. మీటలు స్వరాల వరుసలో కూడా ఉండవు. అంటే వాయించేవాడు రెండు చేతులకి, రెండు దిశలకి, మొత్తం నాలుగు వేర్వేరు పటాలు బుర్రలో మోయాలి. టాంగో కళాకారులు ఎక్కువగా తిత్తి తెరిచేటప్పుడే పలికిస్తారు, ఆ వైపు బలం ఎక్కువ. పెద్దలందరూ కూర్చుని ఒళ్లో పెట్టుకుని వాయించేవారు. పియాసోలా నిలబడి, ఒక పాదం ఎత్తు మీద ఆనించి, మోకాలి మీదుగా తిత్తిని కిందికి వదిలేవాడు. వాద్యం బరువే తిత్తిని తెరిచేది. ఆయన దెబ్బల్లో వినిపించే ఆ తెగింపులో ఈ నిలుచునే తీరుకీ వాటా ఉంది. పుట్టుకతో కుడికాలికి లోపం ఉండి, పసితనంలోనే శస్త్రచికిత్సలు చేయించుకున్న మనిషి అలా నిలబడి జీవితమంతా వాయించాడు.

1921 మార్చి 11న అర్జెంటీనా తీరపట్టణం మార్ దెల్ ప్లాతాలో పుట్టాడు. ఇటలీనుంచి వలస వచ్చిన కుటుంబాలు వాళ్లవి. నాన్న విసెంతె క్షురకుడు. పిల్లవాడికి నాలుగేళ్లప్పుడు కాపురం న్యూయార్క్‌కి మారింది. 1929లో నాన్న ఒక తాకట్టు కొట్లో పాత బాండోనియోన్ చూసి కొనుక్కొచ్చాడు. విసెంతెకి టాంగో అంటే ప్రాణం. కొడుక్కి జాజ్ అంటే ఇష్టం. ఆ ఇద్దరి నడుమ బేలా విల్దా అనే హంగేరియన్ పియానో విద్వాంసుడు పొరుగింట్లో బాఖ్ వాయించేవాడు. ఆయన దగ్గర పిల్లవాడు బాఖ్‌ని బాండోనియోన్ మీద పలికించడం నేర్చుకున్నాడు. 1935లో విడుదలైన 'ఎల్ దియా కే మె కియేరాస్' సినిమాలో టాంగో గాయకుడు కార్లోస్ గార్దెల్ పక్కన పేపర్లమ్మే కుర్రాడిగా ఒక క్షణం కనిపిస్తాడు. గార్దెల్ తన యాత్రకి రమ్మంటే చిన్నవాడని నాన్న పంపలేదు. ఆ యాత్రలోనే గార్దెల్ విమానప్రమాదంలో చనిపోయాడు.

అర్జెంటీనాకి తిరిగొచ్చి బ్యూనస్ ఎయిర్స్ చేరాక పగలు అల్బెర్తో హినాస్తేరా దగ్గర శాస్త్రీయ రచన నేర్చుకున్నాడు, రాత్రులు డాన్సు హాళ్లలో వాయించాడు. ఈ రెండు బతుకుల్లో టాంగో బతుకంటే ఆయనకి సిగ్గుగా ఉండేది. సింఫనీలు రాసే మనిషి కావాలనుకున్నాడు. 1953లో బహుమతి పొందిన ఆయన రచనలో సింఫనీ వాద్యబృందం మధ్య రెండు బాండోనియోన్లు కనిపించేసరికి సభలో చేయి చేసుకునేదాకా వచ్చింది. 1954లో ఫ్రెంచి ప్రభుత్వ ఉపకారవేతనంతో పారిస్ వెళ్లి సంగీత గురువు నాదియా బులాంజే ముందు తన రచనల కట్ట పెట్టాడు. తర్వాతి ముచ్చట ఆయనే పలుచోట్ల చెప్పుకున్నాడు. ఆమె అన్నీ చదివి, ఇందులో స్ట్రావిన్‌స్కీ ఉన్నాడు, బార్తోక్ ఉన్నాడు, నువ్వెక్కడున్నావని అడిగింది. ఏం వాయిస్తావని గుచ్చి గుచ్చి అడిగితే చివరికి పియానో మీద తన టాంగో 'త్రియున్‌ఫాల్' వినిపించాడు. ఇదిగో పియాసోలా, దీన్ని వదలకు అన్నదామె.

ఈ కథ ఎంతగా ప్రచారమైందంటే, ఆ తర్వాత బులాంజే ఏం నేర్పిందన్నది మరుగున పడిపోయింది. ఆమె నేర్పింది బహుగళ రచన. నాలుగు గొంతులు ఒకేసారి నాలుగు దారుల్లో నడుస్తూ ఒకదానికొకటి అడ్డు రాకుండా రాయడం. పియాసోలా 1955లో తిరిగొచ్చి ఎనిమిదిమందితో 'ఆక్తేతో బ్యూనస్ ఐరెస్' పెట్టినప్పుడు అందరూ గమనించింది ఒరాసియో మాల్విసినో చేతిలోని ఎలక్ట్రిక్ గిటారుని. గొడవంతా దాని మీదే జరిగింది. అసలు మార్పు స్వరలిపి కాగితం మీద జరిగింది. పాత పెద్ద బృందాల్లో నలుగురు బాండోనియోన్ల వాళ్లు ఒకే వరుసలో కలిసి వాయించేవారు. ఇక్కడ ఏ ఇద్దరూ ఒకే పని చేయరు. ట్రోయిలో రబ్బరుకి చెరిగిపోయిన స్వరాలు ఇప్పుడు ఎనిమిది చేతుల్లో సర్దుకున్నాయి. అందుకే ఎన్ని స్వరాలున్నా గందరగోళం వినబడదు.

మధ్యలో ఒక ఓటమి కూడా ఉంది. 1958లో న్యూయార్క్ వెళ్లి, టాంగోకి జాజ్ హంగులు, తాళవాద్యాలు తగిలించి 'టేక్ మీ డాన్సింగ్' అనే రికార్డు చేశాడు. జనం పట్టించుకోలేదు, ఆయనకీ అది నచ్చలేదు. వినిచూస్తే కారణం తెలుస్తుంది. ఆ హంగులు టాంగో మీద పైపైన వాలాయి, లోపలికి ఇంకలేదు. తర్వాతి పనంతా ఈ పొరపాటుని దిద్దుకోవడమేనని నాకనిపిస్తుంది.

1960లో పెట్టిన అయిదుగురి బృందం ఆ దిద్దుబాటు ఫలం. బాండోనియోన్, వయొలిన్, పియానో, ఎలక్ట్రిక్ గిటారు, డబుల్ బాస్. తాళవాద్యం లేదు. టాంగోలో అది మొదటినుంచీ ఉన్న అలవాటే, డోలు లేని నాట్యసంగీతం అది. కాబట్టి దెబ్బ ఎక్కడినుంచి రావాలన్నా పాడే వాద్యంలోంచే రావాలి. పాత టాంగో వాళ్లు దీనికోసం కొన్ని చప్పుళ్లు కనిపెట్టి పెట్టారు. వయొలిన్ విల్లుని గుర్రానికి అవతల, తీగ మామూలుగా పలకని చోట రాస్తే గరగరమంటూ కీచురాయి మోత వస్తుంది. దానికి 'చిచార్రా' అని పేరు. వేలిని తీగమీద జర్రున పైకి ఈడిస్తే కొరడా ఝళిపించిన చప్పుడు. బొటనగోరు పక్కతీగకి తగిలేలా పెట్టి మీటితే డోలు. బాస్ అయితే దెబ్బ పడాల్సిన చోటికి కాస్త ముందే విల్లు కదిపి, ఈడ్చుకుంటూ వచ్చి దెబ్బ మీద కూలుతుంది. ఓస్వాల్దో పుగ్లియేసె బృందం ఈ ఈడ్పుకి ప్రసిద్ధి.

ఇవన్నీ పాతవాళ్లు చమత్కారంగా అక్కడో ఇక్కడో చల్లినవి. పియాసోలా వీటికి ఉద్యోగాలిచ్చాడు. 'బ్యూనస్ ఐరెస్ ఓరా సెరో'లో అర్ధరాత్రి నగరాన్ని నిలబెట్టేది రాగం కాదు. కింద బాస్ నడుస్తూ పోతుంటుంది, మిగతా నలుగురూ గీకుళ్లతో, జారుళ్లతో, చిన్న తట్లతో దాని చుట్టూ వీధిని పరుస్తారు. ఈ చప్పుళ్లని తీసేసి స్వరాలొక్కటే వాయిస్తే రచన సగానికి పైగా ఖాళీ.

ఆయన వాద్యానికి రాయలేదు, మనిషికి రాశాడు. బాస్ కళాకారుడు కిచో దియాస్ పేరు మీదే 'కిచో' అనే రచన ఉంది. 1978లో పెట్టిన రెండో అయిదుగురి బృందంలోని ఎక్టర్ కాన్సోలె కోసం 'కాంత్రబాహిస్సిమో'. వెనక నిలబడి మోత మోసే వాద్యానికి ముందుకొచ్చి ఒంటరిగా పాడే చోటు ఇవ్వడం ఆ రెంటిలోనూ చూస్తాం. వయొలిన్ విద్వాంసుడు ఫెర్నాందో సువారెస్ పాస్ కోసం రాసిన 'ఎస్కువాలో' అంటే సొరచేప. సొరచేపల వేట పియాసోలాకి మహా సరదా. ఆ రచనలో ఒత్తులు ఎటు తిరుగుతాయో ముందుగా పోల్చుకోలేం. విల్లు చేతిలో ఉన్నవాడు ఒక్క అక్షరం ఏమరినా పట్టు తప్పుతుంది. స్వరలిపిలో గమకం పూర్తిగా దిగనట్టే, టాంగో పలుకుని సాగదీసి, వెనక్కి లాగి, తొందరపెట్టి చెప్పే తీరు కాగితం మీదికి రాదు. దాన్ని 'ఫ్రసేయో' అంటారు. పియాసోలా స్వరాలన్నీ పట్టుగా రాసి, ఈ ఒక్కటీ మనుషులకి వదిలేశాడు. ఎవరికి వదులుతున్నాడో తెలిసే వదిలాడు.

ఇక బాఖ్ నుంచి తెచ్చుకున్న ఫ్యూగ్. 1962లో ఒక నాటకం కోసం రాసిన 'లా ముయెర్తె దెల్ ఆంహెల్' ఫ్యూగ్‌తోనే మొదలవుతుంది. ఒక వాద్యం ఒక పలుకు ఎత్తుకుంటుంది. అది ముగిసేసరికి ఇంకొకటి అదే పలుకుని వేరే స్థాయిలో అందుకుంటుంది, మొదటిది ఆగకుండా ఎదురు మాట చెబుతుంది. తర్వాత మూడోది. బాఖ్ ఫ్యూగుల్లో ఈ పలుకులు ఎక్కువగా సమంగా ప్రవహిస్తాయి. పియాసోలా ఎంచుకున్న పలుకులోనే టాంగో ఒత్తులు నాటి ఉన్నాయి. దాంతో ఒక్కో గొంతు చేరినప్పుడల్లా పాత ఒత్తుల మధ్య కొత్త ఒత్తులు దిగబడతాయి. మూడు గొంతులు కలిసేసరికి ఎవరూ డోలు కొట్టకుండానే డోలు మోగుతుంది. ఆ నింపుడు భరించలేని దశకి రాగానే అల్లిక ఒక్కసారిగా తెగి, అందరూ ఒకే దెబ్బ మీదికి దూకుతారు. విద్వత్తు చూపించుకోవడానికి ఫ్యూగ్ రాసిన వాళ్లు చాలామంది ఉన్నారు. ఇక్కడది లయని కూడబెట్టే సాధనం. 1968లో ఒరాసియో ఫెర్రెర్ కవిత్వంతో చేసిన 'మరియా దె బ్యూనస్ ఐరెస్'లోని 'ఫూగా ఇ మిస్తేరియో' కూడా ఇదే కిటుకు మీద నిలిచింది.

ఈ లెక్కలన్నీ పక్కన పెట్టి వినవలసింది 'అదియోస్ నోనీనో'. నోనీనో అంటే తాతయ్య, ఇంట్లో విసెంతెని పిలిచే పేరు. 1959 అక్టోబరులో, పియాసోలా ప్యూర్తో రికోలో యాత్రలో ఉండగా నాన్న మార్ దెల్ ప్లాతాలో పోయాడు. న్యూయార్క్ ఇంటికి వచ్చి, గదిలో ఒంటరిగా కూర్చుని రాశాడు. అయితే అంతా కొత్తగా రాయలేదు. 1954లో పారిస్‌లో ఉండగా నాన్న పేరు మీద 'నోనీనో' అనే చురుకైన టాంగో రాసి ఉన్నాడు. దాని లయబద్ధమైన భాగాన్ని యథాతథంగా ఉంచుకున్నాడు. దాని పక్కన, నిడుపైన స్వరాల మీద ఆగి ఆగి సాగే కొత్త రాగాన్ని పెట్టాడు. నాన్న బతికి ఉన్నప్పుడు రాసిన సంగీతమూ, పోయాక రాసినదీ ఒకే రచనలో ఎదురుబొదురు కూర్చున్నాయి. ఏడుపు రాగం ఒక్కటే ఉంటే ఇది మంచి శోకగీతం అయ్యేది. ఆ పాత చురుకుదనం మళ్లీ మళ్లీ తిరిగి వచ్చి తలుపు తట్టడం వల్ల గుండె పిండుతుంది. దీన్ని ఆయన బతికినంతకాలం తిరగరాస్తూనే ఉన్నాడు. 1969 రికార్డుకి దాంతె అమికారెల్లి పియానో కోసం పొడవైన ఎత్తుగడ చేర్చాడు. మనోధర్మంగా సాగుతున్నట్టే వినిపించి, ప్రతి స్వరమూ కొలిచి రాసిన ఎత్తుగడ అది.

బ్యూనస్ ఎయిర్స్ ఆయన్ని వెంటనే ఒప్పుకోలేదు. 1965లో కవి బోర్హెస్ పద్యాలకి సంగీతం కట్టాడు. 1969లో అమెలీతా బాల్తార్ గొంతులో 'బలాదా పారా ఉన్ లోకో' పోటీ సభలో గొడవ రేపి, జనంలో మాత్రం నిప్పులా పాకింది. 1983లో అక్కడి ఒపెరా భవనం తెయాత్రో కొలోన్ వేదిక ఎక్కాడు, 1985లో ఆ నగరం విశిష్ట పౌరుడిగా గుర్తించింది. ఇప్పుడు మార్ దెల్ ప్లాతా విమానాశ్రయానికి ఆయన పేరే. ఇంత రాసిన మనిషిలో తన కిటుకులే తాను తిరిగి వాడుకున్న సందర్భాలూ ఉన్నాయి. కొన్ని సినిమా సంగీతాల్లో చేయి అలవాటు మీద కదిలిందని తెలిసిపోతుంది. 1990లో పారిస్‌లో మెదడులో రక్తస్రావమై పడిపోయాడు, 1992 జులై 4న బ్యూనస్ ఎయిర్స్‌లో కన్నుమూశాడు.

తర్వాత వయొలిన్ విద్వాంసుడు గిడోన్ క్రేమర్ కోసం లియోనిద్ దెస్యత్నికోవ్, బ్యూనస్ ఎయిర్స్ ఋతువుల మీద పియాసోలా రాసిన నాలుగు రచనల్ని తీగవాద్యాలకి మార్చి రాశాడు. వాటిలో వివాల్ది ఋతువుల తునకలు పొదిగాడు. దక్షిణార్ధగోళంలో కాలాలు తలకిందులు కనుక బ్యూనస్ ఎయిర్స్ వేసవిలో వివాల్ది శీతాకాలం తొంగిచూస్తుంది. బాండోనియోన్ లేదు, గిటారు లేదు. చిచార్రా మాత్రం ఉంది. సంగీత కళాశాలల్లో విల్లు ఎక్కడ పెట్టకూడదో నేర్చుకున్న పిల్లలు ఈ రచన కోసం సరిగ్గా అక్కడే విల్లు పెట్టడం సాధన చేస్తున్నారు.

కొత్తగా వినబోయేవాళ్లు 1986లో న్యూయార్క్‌లో కిప్ హన్రహాన్ చేయించిన 'టాంగో: జీరో అవర్'తో మొదలుపెట్టడం మంచిది. తన రికార్డులన్నిటిలోకీ ఇదే మేలైనదని పియాసోలా అన్నాడు. రెండో బృందం అప్పటికి ఎనిమిదేళ్లుగా కలిసి వాయిస్తోంది, ఒకరి ఊపిరి ఒకరికి తెలుసు. అందులో 'మిలోంగా దెల్ ఆంహెల్' దగ్గర ఆగండి. మొదటిసారి బాండోనియోన్ వెంట వెళ్లండి. రెండోసారి పైన ఏం జరుగుతున్నా పట్టించుకోకుండా కాన్సోలె బాస్ ఒక్కదాన్నే పట్టుకుని, నోట్లో తకిట తకిట తక అనుకుంటూ, కాలితో నాలుగడుగులు వేస్తూ వినండి.